గాలికి అడ్డొచ్చిన కిరీటం

తాడేపల్లిగూడెం దాటాక హైవే పక్కన లారీలకు బాడీలు కట్టే షెడ్లు వరసగా ఉండేవి. వాటిలో చివరిది ఏలీయాది. ఆ షెడ్డుకి బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే, రోడ్డుమీద పోయే లారీల నెత్తిన ఉన్నవన్నీ నా బోర్డులేనండీ అనేవాడు. గొప్పలు పోవడమే అనుకోండి. కానీ నలభై ఏళ్లపాటు ఒకే పనిని నమ్ముకున్న మనిషి ఆ కాస్త గొప్ప కూడా చెప్పుకోకూడదంటే మరీ అన్యాయం.

అతని పని కిరీటాలు చెయ్యడం. లారీ వెనక పెట్టె ఉంటుంది కదా, దాని ముందు అంచుమీద, సరిగ్గా కేబిన్ నెత్తిన, ఇనప చట్రం ఒకటి నిలబెడతారు. ఆ చట్రానికి రేకు బిగించి, దానిమీద నెమళ్లో, పద్మాలో, ద్రాక్షగుత్తులో ఉబ్బెత్తుగా లేపి, మధ్యలో పెద్ద అక్షరాలతో పేరు పెట్టి, చుట్టూ రంగు బల్బులు అమరుస్తారు. డ్రైవర్లు దాన్ని కిరీటం అంటారు. పేరు యజమాని తల్లిది కావచ్చు, ఇంటి దేవుడిది కావచ్చు, ఊళ్లో చర్చిది కావచ్చు. ఏలీయా ఎవరి పేరైనా ఒకే శ్రద్ధతో చెక్కేవాడు. అందరూ రంగుతో రాసి సరిపెట్టే అక్షరాలను అతను రేకుని వెనకనుంచి చెక్క సుత్తితో కొట్టి లేపేవాడు. వాన పడ్డా ఎండ కాసినా రంగు పోతుందేగానీ అక్షరం పోదు.

ఇంకో రహస్యం కూడా ఉంది, అదీ అతనే అందరికీ చెప్పుకునేవాడు కాబట్టి రహస్యం అనడం తప్పేమో. కిరీటాన్ని తిన్నగా నిలబెడితే కిందనుంచి చూసేవాళ్లకు అక్షరాలు కుదించుకుపోయినట్టు కనిపిస్తాయి. అందుకని అతను పై అంచుని జానెడు ముందుకు వంచి బిగించేవాడు. అలా వంచితే పేరు రోడ్డుమీద నిలబడ్డ మనిషిని వంగి పలకరిస్తున్నట్టు ఉంటుంది. ఏలీయా కిరీటాన్ని దూరంనుంచే గుర్తుపట్టొచ్చునని డ్రైవర్లు అనేది ఆ వంపు చూసే.

అతని ఖాతాదార్లలో పెద్దవాడు గుండుగొలను నరసరాజు. హైవేని ఆనుకుని ఇల్లు, పక్కన ఆఫీసు, వెనక చేపలకు ఐసు వేసి ప్యాకింగు చేసే షెడ్డు. కొల్లేరు చెరువుల చేప అక్కడ ట్రేలకెక్కి, హౌరా మార్కెట్టుకి పోతుంది. ముందు ఇంజను బండి, దాని వెనక తగిలించిన పొడవాటి పెట్టె ఉండే ట్రైలర్ లారీలు ఆయనవి. ప్రతి లారీ నెత్తినా ఆయన తల్లి పేరే, శేషారత్నం అని. కొత్త కిరీటం పెట్టినప్పుడల్లా ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. లారీని ఇంటి ముందు ఆపాలి. శేషారత్నంగారు వరండాలోకి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, తన పేరుని అక్షరం అక్షరం పైకి చదవాలి. చదివాక కొబ్బరికాయ కొట్టాలి. అప్పుడుగానీ ఆ లారీ లోడుకి వెళ్లదు. ఆవిడ చదువుకున్నది మూడో తరగతి. ఆ చదువంతా ఆ రోజు ఆ పేరు చదవడానికే పనికొస్తున్నట్టు ఎంతో సంబరపడేది. ఆవిడ చదువుతుంటే గేటు దగ్గర నిలబడి వినడం ఏలీయాకి పనికి దక్కిన అసలు కూలి.

ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిదల్లా డీజిలు. లారీ హౌరా వెళ్లి వచ్చేసరికి అది తాగే డీజిలు చూసి రాజుగారికి నిద్ర పట్టడం మానేసింది. పైగా ఇప్పుడు కంపెనీలే నున్నటి పెట్టెలు కట్టి, లారీలను డ్రైవర్లతో సహా అద్దెకిస్తున్నాయి. సొంత లారీలు అమ్మేసి వాళ్లతో ఒప్పందం చేసుకుంటే ఈ తలనొప్పి వదులుతుంది కదా అన్న ఆలోచన ఆయనకు అప్పుడప్పుడూ వస్తూ, రానురాను ఆయన దగ్గరే మకాం పెట్టింది. ఆ మాట గూడెం దాకా పాకింది. అప్పటికే పక్క షెడ్లు ఒక్కొక్కటీ మూతపడి, ఒకదాంట్లో టైర్లకొట్టూ, ఇంకోదాంట్లో బిర్యానీ పాయింటూ వెలిశాయి. రాజుగారి లారీలు కూడా పోతే తన షెడ్డు సంగతి ఏమవుతుందో ఏలీయాకి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఏలీయా కూతురు జాయ్సీ రాజుగారి ఆఫీసులోనే పనిచేస్తుంది. మెకానికల్ డిప్లొమా చేసింది. ఏ లారీ ఎక్కడ ఉంది, ఏ టాంకులో ఎంత డీజిలుంది అనేవి స్క్రీన్‌మీద చూస్తూ డ్రైవర్లతో మాట్లాడే పని ఆమెది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు, కానీ ఒకటి తలకెక్కించుకుందంటే దాని అంతు చూడందే వదలదు. ఖాళీగా వచ్చే లారీ కూడా అంత డీజిలు ఎందుకు తాగుతోందని ఆమెకు అనుమానం వచ్చింది. చదివింది, వీడియోలు చూసింది, తన లెక్చరర్‌ని ఫోన్లో అడిగింది. చివరికి రాజుగారి ముందుకెళ్లి, లారీ తాగుతున్నది బరువు లాగడానికి మాత్రమే కాదండీ, గాలిని తోసుకుంటూ పోవడానికి కూడానండీ అని చెప్పింది. పెట్టె ముందు గుండ్రంగా వంగిన ముక్కులాంటి రేకు పెట్టాలి, గాలి దానిమీదుగా జారి పెట్టె పైకప్పు మీదికి పోవాలి. పెట్టె కింద రెండు పక్కలా, చక్రాల మధ్య ఖాళీని మూస్తూ పొడుగాటి రేకులు దించాలి, గాలి లోపల దూరి సుడి తిరక్కుండా. రాజుగారు ఆలోచించి, ఒక్క లారీకి పెట్టి చూద్దాం, ఫలితం ఉంటే అన్నిటికీ మీ నాన్న చేతే చేయిస్తాను, లేకపోతే లారీలు అమ్మకానికి పెడతాను అన్నాడు. అప్పుడు ఈ ఆఫీసులో స్క్రీన్ చూసే పని కూడా ఉండదని ఆయన విడిగా చెప్పలేదు, చెప్పవలసిన పని కూడా లేదు.

జాయ్సీ ఇంటికొచ్చి ఈ సంగతంతా అన్నాల దగ్గర చెప్పింది. ఏలీయా పొంగిపోయాడు. ముక్కు చేస్తాం, రెక్కలు చేస్తాం, రేకుతో చెయ్యలేనిది ఏముంది అన్నాడు. ఆమె తల వంచుకుని ముద్ద కలుపుతూ, అసలు మాట అప్పుడు చెప్పింది.

"కిరీటం తీసెయ్యాలి నాన్నా. గాలికి ముందు అడ్డొచ్చేది అదే."

ఏలీయాకి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కాక, అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. జాయ్సీ మెల్లగా వివరించబోయింది. చిన్నప్పుడు బస్సులో కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తిట్లు తినేదాన్ని గుర్తుందా, అరచెయ్యి నిలబెడితే గాలి వెనక్కి తోసేస్తుంది, పడుకోబెడితే ఏమీ ఉండదు, ఇదీ అంతే అంది. నువ్వు ముందుకు వంచుతావు కాబట్టి గాలి చేటలో పట్టినట్టు పట్టుకుంటుంది, మిగతావాళ్ల కిరీటాలకన్నా నీవే ఎక్కువ తాగిస్తాయి అని కూడా అంది. అది నిజమే కావచ్చు. కానీ ఆ చివరి వాక్యం అనకుండా ఉంటే బాగుండేది. కొందరు పిల్లలకు లెక్క సరిగ్గా వస్తే చాలు, ఎక్కడ ఆపాలో తెలియదు.

"అంటే నలభై ఏళ్లనించీ నేను జనం డీజిల్ తగలేస్తున్నానంటావు" అని ఏలీయా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ రోజునుంచి తండ్రీ కూతుళ్లకు మాటల్లేవు. మధ్యలో తల్లి హన్నమ్మ నలిగిపోయింది. మంచినీళ్లు కావాలేమో మీ నాన్నని అడుగు అని కూతురూ, అక్కరలేదని నీ కూతురికి చెప్పు అని మొగుడూ, ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని ఆవిడచేత రాయబారాలు నడిపించారు. ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే ఇద్దరినీ కలిపి కడిగేసింది. పిల్ల రాజుగారికి మాటిచ్చింది, ఆ మాట నిలబడితే నీ షెడ్డు నిలబడుతుంది, నీ అలక తర్వాత తీర్చుకో అంది. ఏలీయా అలక తీరలేదుగానీ మర్నాడు రేకు కొనడానికి ఏలూరు వెళ్లాడు.

ప్రయత్నానికి రాజుగారు ఎంచింది మత్తయి లారీని. మత్తయి నిదానస్తుడు, బ్రేకుమీద కాలు వెయ్యాలంటే లారీని క్షమాపణ అడిగి వేసే రకం. లారీ షెడ్డుకొచ్చింది. ఏలీయా మొదట పక్క రేకుల పని పట్టాడు. అక్కడే ఒక చిక్కొచ్చింది. జాయ్సీ గీసిచ్చిన గీతలో ఉన్నట్టు రేకులు చక్రాల సగం దాకా దిగితే హైవేమీద ముచ్చటగా ఉంటుంది, కానీ కొల్లేరు లారీ హైవేమీదే పుట్టి హైవేమీదే పెరగదు కదా. సీజన్లో చేపలు తేవడానికి ఖాళీ పెట్టెతో చెరువు గట్ల దాకా దిగాలి. ఆ గట్లమీద గతుకులకు ఆ రేకులు మొదటి రోజే ఊడిపోతాయి. జాయ్సీ అది ఆలోచించలేదని ఒప్పుకుంది, అంటే తల్లితో చెప్పింది. ఏలీయా రేకుల కింది భాగాన్ని పాత కన్వేయర్ బెల్టు రబ్బరుతో చేసి, మొత్తాన్ని కీళ్లమీద వేలాడదీశాడు. గట్టు దిగేముందు ఎత్తి కొక్కేనికి తగిలించుకోవచ్చు, హైవే ఎక్కగానే వదిలెయ్యొచ్చు. చేస్తున్నంతసేపూ అతను అలక మర్చిపోయి ఈల వేశాడు. కొత్త పని చేతికి నచ్చితే మనసు ఎంతసేపని బిగుసుకుని కూర్చుంటుంది?

తర్వాత ముక్కు. అది నిజంగా అందమైన పని. పెట్టె ముందు గోడమీద కింద ఉబ్బి, పైకి పోయేకొద్దీ వెనక్కి వాలి, పైకప్పు అంచుతో వేలు జారేంత నున్నగా కలిసిపోవాలి. ఏలీయా రేకుని ఇసుక మూటమీద పెట్టి రోజుల తరబడి కొట్టాడు. అతుకు ఎక్కడుందో కంటికి కనపడనివ్వలేదు. కిరీటం ఊడదీసి షెడ్డు గోడకు ఆనించినప్పుడు మాత్రం అటు చూడకుండా తిరిగాడు.

అంతా అయిపోయాక నిచ్చెన దిగి, రోడ్డు మీదికెళ్లి నిలబడి చూశాడు. ముక్కు బాగుంది. మరి పేరేదీ? ఆ వాలుమీద పేరు కొడితే అది ఆకాశాన్ని చూస్తుంది. శేషారత్నంగారు వరండాలోకి వచ్చి కళ్లజోడు పెట్టుకుని ఏం చదువుతుంది? పక్కలకు రాయొచ్చునుగానీ పక్కన రాసే పేరు పేరా? పేరంటే ఎదురుగా రావాలి. అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్లి, ముక్కు పై అంచున జానెడు వెడల్పు రేకు పట్టీ ఒకటి నిలువుగా లేపి, దానిమీద శేషారత్నం అని కొట్టాడు. ఎంత, జానెడు. ఒకప్పుడు మనిషెత్తు కిరీటం ఉన్న చోట జానెడు పట్టీ ఒక లెక్కా?

సాయంత్రం జాయ్సీ షెడ్డుకొచ్చింది. పట్టీ చూసింది. అది ఉండకూడదని ఆమెకు తెలుసు.

"బాగుందామ్మా?" అన్నాడు ఏలీయా.

అలక మొదలయ్యాక తండ్రి తనతో అన్న మొదటి మాట అది. జాయ్సీ పట్టీ వంక చూసింది, తండ్రి మొహం చూసింది. బాగుంది నాన్నా అంది. ఆ రాత్రి ముగ్గురూ కలిసి తిన్నారు, హన్నమ్మ చాలారోజుల తర్వాత రాయబారి ఉద్యోగం మానేసి పులుసు రెండో గరిటె వేసుకుంది. తప్పు ఎక్కడ జరిగిందని అడిగితే అతను పట్టీ లేపిన చోట కాదు, ఆమె బాగుందన్న చోట అంటాను నేను. కానీ ఆ చోట నేనున్నా అదే అనేవాణ్ణి.

లారీ రాజుగారి ఇంటి ముందు ఆగింది. శేషారత్నంగారు పేరు చదివింది, ఈసారి అక్షరాలు చిన్నవయ్యాయేమండీ అని మాత్రం అంది. కొబ్బరికాయ కొట్టారు. మత్తయి లోడెత్తుకుని పోయాడు. ఒక ట్రిప్పు అయింది, ఇంకోటి అయింది, ఇంకోటీ అయింది. డీజిల్లో తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు. రాజుగారు ఓపికగా చూశాడు. ఆయన కసురుకునే మనిషి కాదు. జాయ్సీని పిలిచి, మనం అనుకున్నట్టు లేదమ్మా అన్నాడు, అంతే. కంపెనీవాళ్లను వచ్చేవారం మాట్లాడటానికి రమ్మని కబురు పంపాడు.

జాయ్సీ ఇంట్లో ఏమీ చెప్పలేదు. మత్తయి చెప్పాడు. పక్క రేకు కీలు ఒకటి వదులైందని లారీని షెడ్డుకి తెచ్చి, టీ తాగుతూ, ఆఫీసులో జరిగింది చెప్పుకొచ్చాడు. రాజుగారు ఎందుకిలా అయిందని అడిగితే, నేనే లెక్క తప్పు వేసుంటానండీ, నాన్నగారు పని బాగానే చేశారండీ అందట మీ అమ్మాయి. పాపం కళ్లనిండా నీళ్లు పెట్టుకుందండీ అన్నాడు. ఏలీయా కీలు బిగించాడు. పనిలో పనిగా ముక్కుమీద దుమ్ము తుడుద్దామని తడిగుడ్డ తీసుకుని నిచ్చెనెక్కాడు.

అక్కడ అతనికి పురుగులు కనిపించాయి. కొల్లేరు పక్కనుంచి లోడుతో పొద్దుగుంకే వేళ బయలుదేరే ఏ లారీకైనా పురుగులు తప్పవు. దోమలు, రెక్కల పురుగులు, దీపాలకు వచ్చేవి, రానివీ అన్నీ వచ్చి ముందు అద్దానికి కొట్టుకుని చస్తాయి. డ్రైవర్లకు అది రోజూ ఉండే పీడ. కానీ ఏలీయా జీవితంలో ఎప్పుడూ తన కిరీటాన్ని ప్రయాణం చేసొచ్చాక నిచ్చెనెక్కి చూడలేదు. అతను చూసేది కొత్తగా మెరుస్తూ షెడ్డు వదిలి వెళ్లేటప్పుడు. ఇప్పుడు చూశాడు. వాలుగా ఉన్న ముక్కుమీద పురుగులు అక్కడక్కడ గీతల్లాగా సాగి ఉన్నాయి, కొట్టుకున్నవి జారిపోయాయన్నమాట. చాలాచోట్ల రేకు శుభ్రంగా ఉంది. ఆ పైన జానెడు పట్టీమీద మాత్రం ఒక చోటంటూ ఖాళీ లేదు. పురుగులు ఒకదానిమీద ఒకటి మందంగా పేరుకుని, శే అన్న అక్షరం పూర్తిగా పూడిపోయింది. గాలి ఎక్కడ జారిందో, ఎక్కడ గోడకి కొట్టుకున్నట్టు కొట్టుకుందో అక్కడే రాసిపెట్టినట్టు ఉంది.

ఏలీయా గుడ్డ చేత్తో పట్టుకుని నిచ్చెన మీదే ఉండిపోయాడు. గోడకు ఆనించిన పాత కిరీటం వంక అప్పుడు చూశాడు, తీసేశాక మొదటిసారి. మనిషెత్తు రేకు, ముందుకు వంగి ఉంది. దాని మడతల్లో, నెమలి ఈకల సందుల్లో, ఏళ్లతరబడి పేరుకున్న నల్లటి పొర ఉంది. అది రంగు మాసిపోవడం అనుకునేవాడు ఇన్నాళ్లూ. అతనికి సిగ్గనిపించింది, అంతకంటే ఎక్కువగా కూతురి కళ్లనీళ్లు గుర్తొచ్చాయి. అవి తను తెప్పించినవి. పట్టీ తుడవకుండా కిందికి దిగి, లారీ తియ్యవయ్యా, గుండుగొలను పోదాం అన్నాడు మత్తయితో.

రాజుగారు ఆఫీసు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లోపల జాయ్సీ స్క్రీన్ ముందు ఉంది. ఏలీయా లారీ దిగి తిన్నగా ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. నలభై ఏళ్లలో ఆయన ముందు అతను అంత బిగ్గరగా మాట్లాడింది లేదు.

"రాజుగారూ, అమ్మాయి లెక్క తప్పు లేదండి. తను గీసినట్టు నేను చెయ్యలేదండి. పేరు కనపడాలని పైన పట్టీ లేపాను. గాలంతా దానికే తగులుతోంది. మీరే నిచ్చెనెక్కి చూడండి."

ఆ కాస్త పట్టీ వల్లేనంటారా అని రాజుగారు అడిగాడు. ఏలీయాకి అది తెలియదు. తెలియదనే చెప్పాడు. అది తీసి ఇంకో రెండు ట్రిప్పులు చూడండి, అప్పుడు కూడా లేకపోతే లారీలు అమ్మేసుకోండి, నేనేమీ అనుకోను, అమ్మాయిని మాత్రం తప్పు పట్టకండి అన్నాడు. జాయ్సీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను చూసి కూడా చెప్పలేదండీ అని ఆమె అనబోయింది. రాజుగారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. తండ్రీ కూతుళ్లు తప్పు నాదంటే నాదని పోటీ పడుతుంటే తీర్పు చెప్పే ఓపిక నాకు లేదండీ, ముందు ఆ పట్టీ తియ్యండి అన్నాడు.

అక్కడే, ప్యాకింగు షెడ్డులో ఐసు మిషను మెకానిక్ దగ్గర గ్రైండరు అడిగి తీసుకుని, ఏలీయా తన చేత్తోనే ఆ పట్టీ కోశాడు. కోసిన అంచుని వేలు జారేదాకా నున్నగా రుద్దాడు. ఈలోగా చప్పుడు విని శేషారత్నంగారు వరండాలోకి వచ్చింది. కళ్లజోడు సర్దుకుని లారీ వంక చూసింది. చదవడానికి అక్కడ ఏమీ లేదు. ఏమైందని కొడుకుని అడిగింది. తల్లి పేరు తీయించానని చెప్పడానికి ఆ పెద్దమనిషి నీళ్లు నమిలాడు. చివరికి ఏలీయానే నిచ్చెన మీదనుంచి సంగతంతా చెప్పాడు. ఆవిడ విని కొడుకు వైపు తిరిగింది.

"ఇన్నాళ్లనించీ నా పేరు డీజిల్ తాగుతోందా? ముందే చెప్పొచ్చు కదరా నరసరాజూ" అంది.

తర్వాత ఆవిడ లోపలికెళ్లి కొబ్బరికాయ తెచ్చింది. చదవకుండా కొడితే ఎలాగమ్మా అని కొడుకు వేళాకోళం చేస్తే, నా పేరు నాకు తెలియదా అని కొట్టేసింది.

తేడా మొదటి ట్రిప్పులోనే తెలిసింది. అద్భుతమేమీ జరగలేదు, లారీ నీళ్లతో నడవలేదు. లీటరుకి ఇంకాస్త దూరం వెళ్లింది, అంతే. కానీ హౌరా ఏమీ పక్క ఊరు కాదు, ఇంకాస్త ఇంకాస్త కలిస్తే రాజుగారికి నిద్ర పట్టేంత అయింది. బండి పక్కగాలికి ఊగడం కూడా తగ్గిందని మత్తయి చెప్పాడు. కంపెనీవాళ్లు వచ్చి టీ తాగి వెళ్లారు. రాజుగారు మిగతా లారీలను ఒక్కొక్కటిగా గూడెం పంపడం మొదలెట్టాడు.

పంపడమంటే, ఒక్కో లారీ నెత్తినా ఉన్న కిరీటాన్ని ఏలీయా ఊడదియ్యాలి. ఆ పని వేరేవాళ్లకు అప్పజెప్పొచ్చు, షెడ్డులో మనుషులున్నారు. అతను ఒప్పుకోలేదు. ప్రతి కిరీటాన్నీ తనే విప్పాడు, బోల్టులు తుప్పుపట్టి రాకపోతే నూనె వేసి కూర్చున్నాడేగానీ గునపం పెట్టి పెకలించలేదు. ఒక నెమలి మెడ దగ్గర సుత్తి దెబ్బ కొంచెం తప్పినట్టు గుర్తుపట్టి, అది చేసిన ఏడాది తనకు టైఫాయిడ్ వచ్చిందని హన్నమ్మకు చెప్పాడు. సాయంత్రం వచ్చిన జాయ్సీ గోడ పొడుగునా ఆనించిన వాటిని చూసి, బాధగా ఉందా నాన్నా అని అడిగింది. ఉంది, ఎందుకుండదు అన్నాడు అతను. అంతకుమించి దాచుకోనూ లేదు, పెంచుకోనూ లేదు.

ఆ ఏటి వర్షాకాలంలో ఒక రోజు తణుకునుంచి పాండురంగారావు అని ఒక ఆసామి వచ్చాడు. కొత్తగా లారీ కొన్నాడు. హైవేమీద చూసి చూసి ఏలీయా కిరీటమే కావాలని పట్టుబట్టి వచ్చాడట. వస్తూనే గోడవారగా ఉన్న నెమళ్లను చూసి మొహం ఇంత చేసుకున్నాడు. వాటన్నిటికంటే ఎత్తుగా ఉండాలి, మా నాన్నగారి పేరు రెండు మైళ్ల అవతలనుంచి కనపడాలి, మీ చేతి వంపు ఉండాలి, డీజిల్ సంగతి మీరు పట్టించుకోకండి, అది నా తిప్పలు అన్నాడు. అడ్వాన్సు కూడా బల్లమీద పెట్టబోయాడు.

ఏలీయా చెయ్యి దానంతటదే చెవిమీద ఉన్న పెన్సిలు తీసింది. అతను ఇష్టపడ్డ పని అది. అడిగి మరీ వచ్చాడు మనిషి, తన చేతినే మెచ్చుకుని వచ్చాడు. ఇలాంటివాడు వచ్చి ఎన్నాళ్లయింది? ఆఫీసు నుంచి వచ్చి లోపల రేకు కొలుస్తున్న జాయ్సీ కొలవడం ఆపి చూస్తోంది, తండ్రి ఏమంటాడోనని. కాదనాలని ఆమె అనుకోలేదు. నిజం చెప్పాలంటే అవునంటే బాగుండునని అనుకుంది.

ఏలీయా బల్లమీద కాగితం తిప్పి, ఒక గీత గీశాడు, ఆపాడు. పెన్సిలు కింద పెట్టాడు.

"చెయ్యనండి. తెలియనప్పుడు చేశాను, అది వేరండి. రండి, మీ నాన్నగారి పేరు వేరేచోట ఎక్కడ పడుతుందో చూద్దాం."

అతను ముందు లేచి, పాండురంగారావుని వెంటబెట్టుకుని వానలో తడుస్తున్న లారీ దగ్గరికి వెళ్లాడు. జాయ్సీ టేపు చుట్టేసి గొడుగు తెచ్చి తండ్రి పక్కన పట్టింది. అతను లారీ పెట్టెని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చేత్తో తడుముతూ నడిచాడు, పేరుకి చోటు వెతుక్కుంటూ, ఎక్కడా ఆగకుండా.